లేయర్లా, బ్రాయిలర్లా? ముందు ఇంటి ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. వయసు 34. ప్రైవేటు ఉద్యోగం, జీతం 32 వేలు, ఇంటి ఖర్చు 25 వేలు. 6 లక్షలు దాచాను. ఉద్యోగం మానేసి 5 వేల కోళ్లతో ఫారం పెడదామనుకుంటున్నాను. షెడ్డుకు నా డబ్బు, కోడిపిల్లలకూ మేతకూ నా భార్య బంగారం మీద 4 లక్షలు, తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి మరో 4 లక్షలు. గుడ్ల కోళ్లు మేలా, మాంసం కోళ్లు మేలా?

జవాబు: ఏ కోడి అన్నది తర్వాత. మీ లెక్కలో ఇల్లే లేదు. 6 లక్షలూ షెడ్డుకే పోస్తే, జీతం ఆగిన నెల బియ్యం దేంతో కొంటారు? ఫారం పెడతామని రాసేవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పుతున్నారు. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

లేయరు, అంటే గుడ్ల కోడి, గుడ్డు పెట్టడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. ఈలోపు ఒక్కోటి సుమారు 6 కిలోల మేత తింటుంది. కిలో 28 రూపాయలనుకుంటే 5 వేల కోళ్లకు 8.4 లక్షలు. మీ రెండు అప్పులూ కలిపినా మేతకే చాలవు. పిల్లల ధర, కేజులు, మందులు ఇంకా కలపలేదు. గుడ్లు మొదలయ్యాక రోజుకు 550 కిలోల మేత, అంటే 15,400. రోజుకు 4,500 గుడ్లు వచ్చి, ఫారం దగ్గర గుడ్డుకు 4 రూపాయలు వస్తే 18 వేలు. మిగిలే 2,600లోనే కూలీ, కరెంటు, వడ్డీ.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం అండీ! దాని మాట ఇక ఎత్తకండి.

2025 ఫిబ్రవరిలో మీ పక్కనే వేల్పూరులో బర్డ్ ఫ్లూ తేలింది. అలాంటప్పుడు పరిహారం అధికారులు చంపించిన కోళ్లకే, ముందే చచ్చినవాటికి రాదు. మీ ఫారానికి రోగం రాకపోయినా జనం చికెన్ మానేస్తారు, ధర పడిపోతుంది. బీమా తీసుకుంటే మినహాయింపుల్లో బర్డ్ ఫ్లూ ఉందేమో చూసుకోండి.

కాబట్టి 6 లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు లక్షన్నర, ఫారం కష్టాల్లో పడితే ఇంటికే మరో లక్షన్నర, మొత్తం 3 లక్షలు వేరే ఖాతాలో ఎఫ్‌డీ చేయండి. కోళ్లు చచ్చినా, ధర పడినా ఇల్లు ఈ డబ్బుతోనే నడవాలి. మేత అరువు తీర్చడానికి దాన్ని తాకకూడదు.

మిగిలిన 3 లక్షలతో బ్రాయిలర్లే, అంటే మాంసం కోళ్లే, మీకు కుదిరేది, అదీ ఇంటిగ్రేషన్‌లో, అంటే కోళ్ల కంపెనీతో ఒప్పందం మీద. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, పని మీవి. 40, 45 రోజులకో బ్యాచ్, పెంచినందుకు కంపెనీ మీకు ఇచ్చేది కిలోకింత గ్రోయింగ్ ఛార్జీ. లాభం తక్కువే, కానీ మేత అప్పు మీ నెత్తిన పడదు. షెడ్డు కట్టకండి, ఖాళీగా ఉన్నది లీజుకు తీసుకోండి. ఒక వేసవి గడిచేదాకా ఉద్యోగం వదలకండి, పనికి మనిషిని పెట్టుకోండి. సంతకానికి ముందు కంపెనీని రెండు విషయాలు అడగండి: చచ్చిన కోళ్లకు మీ ఛార్జీలో ఎంత కోస్తారు, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య షెడ్డు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచుతారు.