మడ అడవి డ్రాగన్‌కు ఎన్ని కాళ్లు?

ప్రశ్న: కోరింగ మడ అడవుల్లో బతికే డ్రాగన్ బొమ్మ వేస్తున్నానండి. నాలుగు కాళ్లు, రెండు రెక్కలు, నోట్లో మంట పెట్టాను. అయినా నిజం జంతువులా లేదు. ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు కాళ్లు లెక్కపెట్టండమ్మా. వెన్నెముక ఉన్న ఏ జంతువుకూ కాళ్లూ రెక్కలూ కలిపి నాలుగుకు మించవు. గబ్బిలం రెక్క దాని చెయ్యే. మీరూ ముందుకాళ్లనే రెక్కలు చేసి, వేళ్ల మధ్య చర్మం సాగదీయండి.

మంట తీసేయండి. నాకైతే అంతకన్నా ఉప్పు ముఖ్యం. సముద్రపు తిండి తినే ప్రాణి ఒంట్లో చేరిన ఉప్పును ఎలాగైనా వదిలించుకోవాలి. గాలాపగోస్ దీవుల సముద్రపు ఇగ్వానా నాచు మేసొచ్చి, నల్లరాళ్ల మీద ఎండకు పడుకుని, ముక్కులోంచి ఉప్పునీళ్లు చీదుతుంది. అవి తలమీద పడి, ఆరి తెల్లగా పేరుకుంటాయి. ఉప్పునీటి మొసలికైతే ఉప్పును బయటికి పంపే గ్రంథులు నాలుక మీదే. మీ డ్రాగన్ ముక్కు చుట్టూ ఆ తెల్లచార వేసి చూడండి, ప్రాణం వచ్చేస్తుంది!

తిండికి పీతలు పెట్టండి; చేపలకు అక్కడ నీటిపిల్లులు పోటీ ఉన్నాయి. పీతల్ని నమలాలంటే కోరలు కాదు, మొద్దు పళ్లు కావాలి. గుడ్ల సంగతి కూడా తేల్చండి. మడ బురద పోటుకు మునుగుతుంది కాబట్టి, ఆలివ్ రిడ్లే తాబేళ్లలా అదీ దగ్గర్లోని హోప్ ఐలాండ్ ఇసుకకు రావాల్సిందే.