డాక్టర్ సలహా: నిర్దోషిగా ఇంటికొచ్చారు, బాత్‌రూంకి వెళ్లాలన్నా అనుమతి అడుగుతున్నారు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మావారికి 44 ఏళ్లు. చేయని హత్యకు 2014 మొదట్లో అరెస్టయ్యారు. యావజ్జీవ శిక్ష పడింది. 11 ఏళ్లు జైల్లోనే గడిచాయి. 6 నెలల కిందట హైకోర్టు నిర్దోషి అని తేల్చింది. ఇప్పుడు రాత్రంతా మేలుకుంటారు. గేటు చప్పుడైతే లేచి నిలబడతారు. బాత్‌రూంకి వెళ్లాలన్నా నన్ను అడుగుతారు. 13 ఏళ్ల పాపతో మాట కలపరు. బంధువులు పిచ్చి పట్టిందంటున్నారు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు తెచ్చి వేస్తున్నాను. నయమవుతుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి. అవి ఆల్ప్రజోలం లాంటివైతే ఒక్కసారిగా ఆపొద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. అలాగని కొనసాగించొద్దు, అలవాటు పడిపోతారు. మాత్రల షీటు తీసుకుని ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ని కలవండి. డోసు మెల్లగా తగ్గిస్తారు. ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడానికి నామోషీ పడకండి.

మీవారిది పిచ్చి కాదు, గాయం. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో 11 ఏళ్లు వేరేవాళ్లే చెప్పారు. తలుపు తీసేదీ వేసేదీ వేరేవాళ్లే. ఆ క్రమం ఒంటికి పట్టేసింది. పైగా తప్పు చేసినవాడికి శిక్షకో కారణం కనబడుతుంది, ఈయనకు అదీ లేదు. కేంబ్రిడ్జి మానసిక వైద్యుడు అడ్రియన్ గ్రౌండ్స్ ఇలా అన్యాయంగా జైలుకెళ్లొచ్చిన 18 మందిని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువమందిలో మనిషి స్వభావమే మారిపోయింది, పీటీఎస్‌డీ, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసులో మిగిలిపోయే గాయం, కూడా చాలామందికి ఉంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఆయన బలహీనత కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నయమవుతుందా అన్నారు. చాలావరకు కుదుటపడతారు, కానీ నెలలు పడుతుంది. సెర్ట్రాలిన్ లాంటి మందులు, వాటితోపాటు ఆ జ్ఞాపకాల మీద పనిచేసే కౌన్సెలింగ్ అవసరం. టీబీ, బీపీ, షుగర్ పరీక్షలూ చేయించండి. జైల్లో ఉండొచ్చారన్న మాట డాక్టరు దగ్గర దాచొద్దు. చచ్చిపోవాలని ఉందని ఎప్పుడన్నా అంటే, ఆయన్ని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లో మీరు చేయాల్సింది, ఆయన పోగొట్టుకున్న నిర్ణయాలను చిన్నచిన్నగా ఆయన చేతికివ్వడం. ఇంటి తాళంచెవి ఒకటి ఆయన జేబులో ఉండాలి. పడుకునేటప్పుడు గది తలుపు గడియ పెట్టాలా, తెరిచి ఉంచాలా అన్నది ఆయన ఇష్టం. అనుమతి అడిగితే ‘వెళ్లండి’ అనొద్దు, కసురుకోనూ వద్దు. ‘మనిల్లే కదండీ’ అనండి చాలు. ఆయన లోపలికెళ్లినప్పుడు తెలంగాణ రాలేదు, మెట్రో లేదు, చేతిలో పాత వెయ్యి నోటు చెల్లేది. బయట అంతా పరాయి ఊరిలా ఉంటుంది. రద్దీ లేని మధ్యాహ్నం మెట్టుగూడలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగండి. మొదటిసారికి ఆ ఒక్క స్టేషన్ చాలు.

తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకున్నారా? పిచ్చి అంటున్న బంధువులకు ‘విడుదలయ్యాడు’ అనకండి, ‘నిర్దోషి అని కోర్టు చెప్పింది’ అనండి, అదీ ఆయన వినేలా. పరిహారం కోసం 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయసహాయం అడగండి. దారి సులువు కాదు. లా కమిషన్ 2018లోనే 277వ నివేదికలో ఇలాంటివాళ్ల పరిహారానికి చట్టం కావాలంది. మన ఊళ్లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుని, నిర్దోషులుగా తేలిన యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. చేయని తప్పుకు యవ్వనం పోగొట్టుకున్న మనిషి పరిహారం కోసం మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి రావడం వైద్యుడిగా నన్ను చాలా బాధపెడుతుంది. ఆ తిరుగుడు ఆయన నిద్ర కాస్త కుదిరాకే మొదలుపెట్టండి.

ఇక పాప. ఆయన వదిలివెళ్లింది 2 ఏళ్ల పిల్లని, ఇప్పుడు ఎదురుగా ఉన్నది 13 ఏళ్ల అమ్మాయి. ఇద్దరికీ బిడియమే. ‘నాన్నతో మాట్లాడు’ అని తోయకండి. ఫోన్‌లో డబ్బు ఎలా పంపాలో నాన్నకి నేర్పమని పాపకి అప్పగించండి. మొదట పది రూపాయలు, వీధి చివర కూరగాయలామెకి.