గోగునార వేస్తానన్న మా అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు పుణేలో ఉద్యోగం మానేసి పెదనందిపాడు వైపు మన పదెకరాల్లో గోగునార వేస్తానంటున్నావని చెప్పింది. చెబుతూనే ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ నిద్ర పట్టలేదు. పొద్దున కాఫీ తాగుతూ మీ పెద్దమ్మకు చెప్పాను. కార్ల తలుపుల లోపల అతికే అట్టకు మన గోంగూర జాతి మొక్క కాడల నుంచి తీసే గోగునార వాడతారట అంటే, ఆవిడ కోస్తున్న గోంగూర కట్ట పక్కన పెట్టి, "అయితే మనం ఇన్నాళ్లూ కార్లు నంజుకు తింటున్నామా" అని నవ్వింది. పదిమందికీ చెప్పుకుంది కూడా. ఆ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నాలుగేళ్లు కూర్చుని, అక్కడికొచ్చే నార మన పెరట్లో మొక్కేనని కనిపెట్టిన పిల్లవి నువ్వు. మీ నాన్న ఉంటే ఊరంతా మిఠాయి పంచేవాడు. అది వేరే సంగతి. ఇక నా మాట విను.

సాగు సంగతి నాకంటే లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్లు బాగా చెబుతారు, వెళ్లి కలువు. నార పంట మీద మన రాష్ట్రంలో అసలు పని జరిగేది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పరిశోధనా స్థానంలో. ఒకసారి అక్కడికి కూడా పోయిరా, రైలు ఖర్చు నేనిస్తాను. ఆకు కోసం వేసే గోంగూర వేరు, నార కోసం వేసే గోగు వేరు అని మరిచిపోకు. కూరకైతే తుంచే కొద్దీ కొమ్మలు రావాలి. నారకైతే కొమ్మే రాకూడదు. ఒత్తుగా వేస్తే వెలుతురు కోసం పోటీపడి కర్రలా నిటారుగా లేస్తుంది. సగం మొక్కలు పూత మీదున్నప్పుడు కోయాలి. ఆలస్యమైతే నార మొరటు, తొందరపడితే దిగుబడి ఉండదు. మనది నల్లరేగడి, వాననీళ్లు నిలబడితే మొదలు కుళ్లుతుంది, కాబట్టి ముందు కాలువలు తీయించు. ఇంతే.

ఊరబెట్టడం దగ్గర మాత్రం ఆగు. కోసిన కట్టల్ని రెండు వారాలకు పైగా నీళ్లలో ముంచితేగాని బెరడు వదలదు. ఆ వాసన నీకు తెలీదు. ఉత్తరాంధ్రలో ఒక పెళ్లికి పోయి, చెరువు గట్టు మీద భోజనాలు పెడితే, నేనూ మీ నాన్నా లేచి వచ్చేశాం. వాసన పోతుందిలే, చెరువు తగువు పోదు. మన ఊరి చెరువును పంచాయతీ చేపలకు పాట పెడుతుంది. కట్టలు కుళ్లేటప్పుడు నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు తేలిపోతాయి. పాట పాడినవాడు నీ ఇంటి ముందుకొస్తాడు, వాడి వెనక ఊరు సగం వస్తుంది. మీ అమ్మ ఒంటరిగా ఉండే ఇల్లది. కాబట్టి పొలంలోనే గుంట తీయించి టార్పాలిన్ పరిపించు, లేదా పచ్చి కర్ర మీదే బెరడు ఒలిచే యంత్రం దొరుకుతుందేమో చూడు. ఒలిచిన బెరడొక్కటే ఊరబెడితే నీళ్లు చాలా తక్కువ పడతాయి. బరువు కోసం కట్టల మీద బురద పెళ్లలు, అరటి బోదెలు వేస్తారు కొందరు. వెయ్యనివ్వకు, నార నల్లబడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. వరి వేశామనుకో, అమ్ముడుపోకపోతే వండుకుంటాం, అప్పులవాడికి బస్తాలు కొలుస్తాం. ఫ్యాక్టరీ కోసం వేసే పంట అలాంటిది కాదు. కొనేవాడు వద్దంటే అది పంట కాదు, చెత్త. ఇది పుస్తకంలో చదివి రాస్తున్న మాట కాదు. మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పని కథ ఇది.

2012 వేసవిలో గోరుచిక్కుడు గింజ ధర పేపర్లలో మోగిపోయింది. గోరుచిక్కుడేమిటి, ధరేమిటి అనుకున్నాం. గింజలోంచి తీసే జిగురుపిండి ఐస్‌క్రీమ్‌లోకి, బట్టల అద్దకంలోకి ఎప్పటినుంచో పోతున్నదే. అప్పుడు మాత్రం అమెరికాలో భూమి లోపలి రాయిని నీళ్ల ఒత్తిడితో పగలగొట్టి చమురు, గ్యాసు తీసే బావులకు అది కావలసి వచ్చింది. నీళ్లు చిక్కబడితేనే వాటితో పోయే ఇసుక పగుళ్లలోకి చేరి వాటిని మూసుకోనివ్వకుండా పట్టి ఉంచుతుందట. ప్రపంచంలో ఈ గింజ ఎక్కువ భాగం మన దేశానిదే, అందులోనూ రాజస్థాన్‌ది. క్వింటా 30 వేల దాకా పోయింది. ఆ మార్చిలోనే ప్రభుత్వం, సరుకు చేతికి రాకముందే ధర కట్టి చేసే ముందస్తు వ్యాపారాన్ని ఆపేసింది కూడా. ఆపారంటే పొంగు అసలుది కాదన్నమాటే. నాకా మాట తట్టలేదు.

జూన్‌లో ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద వచ్చాడు, ఏదో కంపెనీ పేరు చెప్పుకుని. విత్తనం మేమిస్తాం, పంట మేమే కొంటాం, ఇదిగో కాగితం అన్నాడు. వినుకొండ వైపు కౌలుకు తీసుకున్న ఎనిమిదెకరాల్లో పత్తి మానేసి గోరుచిక్కుడు వేశాను. విత్తనం డబ్బుకు మీ పెద్దమ్మ గాజులు కుదువ పెట్టాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, చేతులు చాపి ఇచ్చింది.

అమ్మలూ, నేను ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో గుమాస్తాను. రైతు తెచ్చిన పత్తిలో చెయ్యి పెట్టి "తేమ ఎక్కువ" అని తరుగు రాసింది నేనే. ప్లాస్టిక్ పోగు కనపడితే బోరా బోరా వెనక్కి పంపింది నేనే. కొనడం ఇష్టం లేనప్పుడు ఏ మాట వాడాలో నాకంటే తెలిసినవాడు ఈ గుంటూరులో తక్కువ. అలాంటివాణ్ణి, నా కాగితం నేను చదవలేదు. ధర అంకె కోసం వెతికాను గానీ, చివరి రెండు వరుసలు చూడలేదు. "నాడు ఉన్న మార్కెట్ ధర ప్రకారం", "నాణ్యత సంతృప్తికరంగా ఉన్నచో". ఇన్నేళ్లూ నేను ఇతరులకు చేసింది ఆ రెండు వరుసల్లో నాకే తిరిగొచ్చింది.

పంట బాగానే వచ్చింది. కోసి కుప్ప వేశాక నవంబరు మొదట్లో నీలం తుఫాను వాన. నాలుగు రోజులు పట్టాలు కప్పుతూ కుప్ప చుట్టూ తిరిగాను. గింజ నల్లబడింది. ఆ కుర్రాడు ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన ఒక్కసారీ "రంగు పోయిందండి" అన్నాడు, అచ్చం నా గొంతుతో. అప్పటికే ధర సగానికి పైగా పడిపోయింది. లేస్తుందిలే అని బస్తాలు వసారాలో దాచాను. లేవలేదు. 2014 చివర్లో ముడిచమురు ధర కూలింది, బావులవాళ్లు చేతులు ముడుచుకున్నారు. ఆ మరుసటి ఏడు క్వింటా 4 వేల చిల్లరకు ఇచ్చేశాను. టెక్సస్‌లో బావి మూతపడితే వినుకొండలో మనిషి ఎందుకు మునగాలో ఇప్పటికీ నాకు సరిగా అర్థం కాదు.

ఇంకో అవమానం చెప్పనా? జిగురు కోసం వేసే రకం కూరకు పనికిరాదు, లేతలోనే పీచు. ఎనిమిదెకరాల గోరుచిక్కుడు పెట్టుకుని, ఆ నెలలో రైతుబజారులో కూర కొన్నాం.

అందుకే నీ కంపెనీ వాళ్లు "తీసుకుంటామన్నారు" అని మీ అమ్మ అంటే నాకు ఒళ్లు జలదరించింది. అన్నారా, రాశారా? ఎంత ధరకు, ఎంత తేమ దాకా, ఎన్ని టన్నులు, కాటా ఎక్కడ, లారీ బాడుగ ఎవరిది, వద్దంటే ఎన్ని రోజుల్లో చెప్పాలి? ఇవన్నీ ఉన్న కాగితం నాకు పంపు. కళ్లజోడు మార్చాను, ఈసారి చివరి వరుస నుంచి చదువుతాను. మొదటి ఏడు పదెకరాలు వద్దు, రెండే వెయ్యి. ఆ నార వాళ్ల యంత్రంలో వేసి చూడమను, మిగతా మాట తరవాత. వాళ్లు వద్దంటే ఎవరికివ్వాలో కూడా ముందే చూసి పెట్టుకో. ఉత్తరాంధ్రలో నడుస్తున్న నార మిల్లులేమైనా ఉన్నాయేమో చూడు, ప్రభుత్వ జూట్ కార్పొరేషన్ ఉంది. కారు ఫ్యాక్టరీ ధర రాదు గానీ గుంటలో కుళ్లిపోదు.

కంపెనీ మంచిదైనా సరే, పంటే పాతబడుతుంది, అది కూడా లెక్కేసుకో. 1611లో ఇంగ్లీషువాళ్ల ఓడ మన నిజాంపట్నం రేవుకొచ్చి ఆగిన రోజుల్లో, ఆ తీరపు ఇసుకల్లో పెరిగే చిరివేరు ఎరుపుకు ఎంత పేరో. మచిలీపట్నం అద్దకం బట్టల ఎరుపంతా ఆ వేరుదే. తరవాత జర్మనీలో అదే ఎరుపు తారులోంచి తీశారు. 1897లో నీలిమందు కూడా అక్కడి ఫ్యాక్టరీలోంచే వచ్చింది, మన దేశంలో నీలి వేసిన పొలాలు కొన్నేళ్లలో ఖాళీ అయ్యాయి. అటుపక్క చూస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో మన వైపు జనపనార అందక అమెరికావాళ్లు ఇదే గోగును పెంచడం మొదలెట్టారు. 1987లో కాలిఫోర్నియాలో ఒక దినపత్రికను గోగు కాగితం మీద అచ్చు వేశారు కూడా. అయినా ఇన్నేళ్లయినా ఎక్కువ పేపర్లు చెక్క గుజ్జు మీదే వస్తున్నాయి. బాగుందని తేలడం వేరు, కొనడం వేరు. నువ్వు ఆ తలుపు అట్ట చేసే గదిలో కూర్చున్నదానివి, వాళ్లు రేపు దేనికి మారతారో నీకు వాసన తెలుస్తుంది. నాకు లేని బలం అదే నీకు. అందుకే వద్దనడం లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. మీ అమ్మ గొలుసు జోలికి పోవద్దు. ఆవిడ తానే తీసి ఇస్తుంది, నువ్వు తీసుకోవద్దు. డబ్బు చాలకపోతే నా పోస్టాఫీసు డిపాజిట్ ఫిబ్రవరిలో వస్తుంది, వడ్డీ అడగను. పెద్దమ్మ గాజుల్లో ఒక జత విడిపించాను. రెండోది వేలంలో పోయింది. వచ్చినప్పుడు ఆవిణ్ణి ఆ సంగతి అడగకు.

సంక్రాంతికి రా. ఆ గింజల్లో అరబస్తా ఇంకా అటక మీదే ఉంది. నిరుడు ఊరికే పెరట్లో పది గింజలు పాతాను. ఒకటి మొలిచింది. కాయ కాసింది, పెద్దమ్మ కోసి చూసింది. పీచే.

నీ
పెదనాన్న