మీ ప్రశ్నలు – మా జవాబులు: గట్ల మీద సైకిలు

పోయిన సంచికలో శ్రీకాకుళం నుంచి సాలిహుండం దాకా, వీలైనంత వరకు మెయిన్ రోడ్డు ఎక్కకుండా మట్టిదారుల్లో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళొచ్చిన సంగతి నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు, చాలా సంతోషం. అందరికీ విడివిడిగా రాయడం కుదరదు కాబట్టి ఒకేలాంటివి కలిపేసి ఇక్కడ చెప్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చి గ్రావెల్ సైక్లింగ్ అంటూ ఇటలీలో కొండల మధ్య తెల్లటి కంకర రోడ్ల మీద సైకిళ్ళ వీడియోలు చూపిస్తాడు. మేం కంకర రోడ్డు మీదే సైకిలు తొక్కుకుంటూ బడికెళ్ళి పాఠాలు చెప్పాం, ఇందులో కొత్తేముంది?
– రిటైర్డ్ టీచరు, నరసన్నపేట

జవాబు: మేష్టారూ, కొత్తది పేరొక్కటే. తారు లేని రోడ్డు, లారీలు బస్సులు రాని రోడ్డు, దాని మీద గంటల తరబడి తొక్కడం, అంతే. మీ అబ్బాయి చూపించింది ఇటలీలో టస్కనీ అనే ప్రాంతం రోడ్లే అయ్యుంటాయి. అక్కడ గయోలే అనే చిన్న ఊళ్ళో 1997లో లెరోయికా అని ఒక సైకిలు యాత్ర మొదలుపెట్టారు, ఎందుకంటే ఆ తెల్లమట్టి రోడ్లన్నిటికీ ఒక్కొక్కటిగా తారు వేసేస్తున్నారు, జనం వాటిమీద తిరుగుతూ ఉంటేనన్నా మిగుల్తాయని. 1987కి ముందు తయారైన సైకిళ్ళతోనే రావాలని రూలు కూడా పెట్టారు. 2007 నుంచి ఆ రోడ్ల మీదే ప్రొఫెషనల్ వాళ్ళకి రేసు కూడా జరుగుతోంది. అంటే వాళ్ళు పోగొట్టుకోబోయి ఆపుకున్నది మనకి ఇంకా ఉంది, చెరువు గట్లు, కాలవ గట్ల మీద జీపు దార్లు, ఊరికీ ఊరికీ మధ్య బళ్ళు తిరిగిన గోర్జిలు, మెట్టల మీద ఎర్ర గ్రావెల్ రోడ్లు, దూరంగా ఎటు చూసినా ఒక కొండ. మీ అబ్బాయిని ఈసారి మీరే తీసుకెళ్ళండి మేష్టారూ, మీరు బడికెళ్ళిన దారి చూపించండి, వాడు తీసే వీడియో ఇటలీ వీడియోకి ఏమాత్రం తీసిపోదు.

ప్రశ్న: గ్రావెల్ బైక్ లక్ష పైనే చెప్తున్నారు. మా ఇంట్లో నాన్నగారి పాత సైకిలు ఉంది. పనికొస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: పనికొస్తుంది తమ్ముడూ, నిక్షేపంలా పనికొస్తుంది. మీ నాన్నగారి సైకిలు టైరు పక్కన 28 ఇంటూ ఒకటిన్నర అని రాసుందేమో చూడు, అంటే దాదాపు 40 మిల్లీమీటర్ల వెడల్పు, ఇప్పుడొచ్చే గ్రావెల్ బైకులకి వేసేది కూడా ఎక్కువగా 38 నుంచి 45 లోపే. వెడల్పు టైరులో గాలి కాస్త తక్కువ పెట్టుకుంటే రాయి తగిలినప్పుడు టైరే నొక్కుకుని ఆ దెబ్బ తీసుకుంటుంది, మన నడుం దాకా రాదు, మొత్తం కిటుకు అదే. లక్ష పెట్టేదానికి అదనంగా వచ్చేది ఏంటంటే బరువు సగానికి తగ్గుతుంది, ఎత్తు ఎక్కడానికి చిన్న గేర్లు ఉంటాయి, డిస్క్ బ్రేకులు తడిలో కూడా పడతాయి. నీ సైకిలుకి ఇవి ఉండవు కాబట్టి ఎత్తు వస్తే దిగి నడిపించుకో, అందులో తప్పేం లేదు. ముందు బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించు, చైనుకి నూనె, రెండు చక్రాలకీ బేరింగు గోళీలు చూపించు, క్యారేజీ నట్లు బిగించు. ఒక సీజనంతా దానిమీదే తిరుగు. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే గేర్లున్న హైబ్రిడ్, అంటే తారు రోడ్డుకీ మట్టిదారికీ రెంటికీ పనికొచ్చే సైకిలు, సెకండ్‌హ్యాండ్‌ది చూసుకో, టైరు వెడల్పు 38కి తగ్గకుండా.

ప్రశ్న: మేం నలుగురం, రోజుకి యాభై అరవై కిలోమీటర్లు తొక్కగలం. చరిత్ర ఉన్న చోట్లన్నీ ఒకే ట్రిప్పులో చుట్టేసేలా మంచి రూటు చెప్పండి. నెట్‌లో చూస్తే ఒక్కో గుడి ఒక్కో మూల కనిపిస్తోంది.
– ఆమదాలవలస

జవాబు: మ్యాపులో గుళ్ళు పక్కనపెట్టి నదిని చూడండి, ఒక మూల కాదు, అన్నీ ఒకే తాడు మీద ఉంటాయి. ఆ తాడు వంశధార. కింద సముద్రం దగ్గర కళింగపట్నం, పాత రేవు. అక్కణ్ణుంచి కాస్త లోపలికి నదికి దక్షిణం గట్టున కొండ మీద సాలిహుండం, బౌద్ధ భిక్షువులు శతాబ్దాల తరబడి ఉన్న చోటు. ఇంకా పైకి వస్తే సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోట, పెద్ద మట్టికోట, పాత కళింగ రాజధాని దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారులు అంటారు. ఇంకా పైన ఎడమ గట్టున శ్రీముఖలింగం, తూర్పు గంగరాజుల కళింగనగరం, అనంతవర్మ చోడగంగ 12వ శతాబ్దంలో రాజధానిని కటకం, అంటే ఇప్పటి ఒడిశాలోని కటక్, తీసుకెళ్ళిపోయేదాకా ఇక్కడే, పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలెట్టింది కూడా ఆయనే. రేవులో దిగిన సరుకూ, భిక్షువులూ, రాజులూ అందరూ నది వెంటే పైకొచ్చారు. మీరూ అలాగే రండి, కింద నుంచి పైకి, అప్పుడు ఒక ఊరి తర్వాత ఇంకో ఊరు ఎందుకు వస్తోందో మీకే తెలుస్తూ ఉంటుంది, కారులో వచ్చి ఒక్కో గుడి దగ్గర దిగి ఫొటో తీసుకుంటే ఇది తెలియదు.

ఒక్కరోజులో వద్దు, రెండు ఆదివారాలు, ముఖలింగానికి ఇంకోరోజు పెట్టుకోండి. మొదటి ఆదివారం శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం, అక్కణ్ణుంచి పల్లెల మీదుగా సాలిహుండం, చివర కళింగపట్నం బీచి. శ్రీకూర్మం, సాలిహుండం రెండూ టౌనుకి 20 కిలోమీటర్ల లోపే కానీ మట్టిదారుల్లో చుట్టు తిరుగుతారు, రానూపోనూ మీ అరవై అయిపోతుంది. సాలిహుండం కొండ కింద సైకిళ్ళు పెట్టేసి నడిచి ఎక్కండి, పైనుంచి నది కనిపించిన చోట ఓ పావుగంట ఊరికే కూర్చోండి. ఇటుక స్తూపాలు, చైత్యాలు అంటే బౌద్ధుల ప్రార్థన మందిరాలు ఉంటాయి, తవ్వినప్పుడు ధాతు పేటికలు, అంటే అస్థికలు దాచిన పెట్టెలు దొరికాయి, తార, మరీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. దీన్ని 1919లో గుర్తించింది ఎవరో తెలుసా, మన గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. ఆయన పుట్టింది కూడా ఈ నది ఒడ్డునే, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ముఖలింగం గుడి మీద శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకున్న మనిషి. నేనీ పేజీలో మాట్లాడినట్టే రాస్తున్నానంటే ఆయన పెట్టిన భిక్షే, అందుకే ఆ కొండ ఎక్కినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను.

రెండో ఆదివారం మీ ఊరి నుంచే సరుబుజ్జిలి వైపు, దంతవరపుకోట చూసి వెనక్కి. ఒక్కటే మనవి, ఆ కోట మట్టిగట్టు మీదికి సైకిలు ఎక్కించకండి. చూడ్డానికి మామూలు చెరువు గట్టులాగే ఉంటుంది, ఎక్కితే సరదాగానే ఉంటుంది, కానీ టైరు గీసిన చార వెంట వానకాలం నీళ్ళు పారి గండి పడుతుంది, ఇన్ని వందల ఏళ్ళు నిలబడ్డది మన వల్ల కరిగిపోకూడదు. ముఖలింగం ఇంకోరోజు నరసన్నపేట నుంచి జలుమూరు మీదుగా పెట్టుకోండి, 25 కిలోమీటర్ల లోపే. మధుకేశ్వరుడి గుడే కాక భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కూడా ఆ ఊళ్ళోనే, సోమేశ్వరుడి గుడి బయటి గోడల మీద శిల్పాలు మాత్రం వదలొద్దు. దగ్గర దారి కదా అని ఎక్కడా నదిలోకి దిగకండి, ఇసుక పైకి గట్టిగానే కనిపిస్తుంది.

ఎప్పుడంటే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరులో తుఫాన్ల భయం, 2018లో తిత్లీ వచ్చింది కూడా అక్టోబరులోనే. వాన పడ్డాక మూడు రోజులు ఆగండి, ఎర్రమట్టి గట్టు జారుతుంది, నల్లమట్టి అయితే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పట్టేసి సైకిలు కదలదు, ఓసారి నాకలాగే అయితే రెండు కిలోమీటర్లు భుజాన మోసుకొచ్చాను. హిరమండలం, కొత్తూరు వైపు వెళ్ళాలనుకుంటే ముందు ఊళ్ళో అడగండి, అప్పుడప్పుడూ ఏనుగులు తిరుగుతాయి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు, అక్కడ తెల్లవారకముందూ చీకటి పడ్డాకా వద్దు.

ప్రశ్న: ఒక్క ట్రిప్పులో మూడు పంచర్లు. ఏం చెయ్యాలి?
– టెక్కలి

జవాబు: రోడ్డు పక్క పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. కంచె వారగా కాకుండా బండి చక్రాలు తిరిగిన గాడిలోనే తొక్కండి, సగం పంచర్లు తగ్గుతాయి. పాత ట్యూబు పొడుగ్గా కోసి టైరు లోపల వరసగా వేయించండి, మన సైకిలు షాపు వాళ్ళందరికీ తెలిసిన పనే. ముల్లు పీకాక టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమి చూడండి, రెండో ముల్లు ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పోతుంది, మీ మూడింట్లో ఒకటి అలాంటిదే అయ్యుంటుంది. గాలి పంపు, ప్యాచులు, ఒక స్పేరు ట్యూబు లేకుండా బయల్దేరొద్దు.

ప్రశ్న: నాకు ముప్పై ఐదు. తొక్కాలని చాలా ఉంది కానీ ఒక్కదాన్నే ఆ నిర్మానుష్యపు గట్ల మీద అంటే భయం, పైగా కుక్కలు.
– గృహిణి, పాలకొండ

జవాబు: భయం సహజమేనమ్మా, ధైర్యం తెచ్చుకోండి అని ఊరికే చెప్పను. మొదట్లో ఇంకొకరిని కలుపుకోండి, చెల్లెలో, పక్కింటి ఆవిడో, ఇంటర్ చదివే మేనకోడలో. ఒకే దారి, ఒకే టైము, ఏడెనిమిది సార్లు వెళ్ళండి. పొలాల్లో ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా జనం ఉంటారు, ఊడుపులు కోతలు అయితే ఇంకా ఎక్కువ, నాలుగోసారికి వాళ్ళే "ఇవాళ లేటయిందేటమ్మా" అని పలకరిస్తారు, అప్పుడా దారి మీది అయిపోయినట్టే. చీర అయినా చుడీదార్ అయినా చైనుకి కవరు ఉన్న సైకిలు మంచిది. కుక్క వెంటపడితే స్పీడు పెంచకండి, దిగిపోయి సైకిలుని మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి, నడిచే మనిషిని అది తొందరగా వదిలేస్తుంది. కరిస్తే మాత్రం ఎంత చిన్న గాటయినా సబ్బుతో పావుగంట కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో చోడి (రాగి) అంబలి ఓ సీసాలో పోసుకెళ్ళండి, దారిలో అంతకంటే బలం ఇచ్చేది నాకు దొరకలేదు.

ప్రశ్న: బాబూ, మీరు రాసీసి మా మీదికి తోలీసినారు. పది మంది సైకిళ్ళేసుకొని వచ్చి కళ్ళంలో ఆరబోసిన ధాన్యం మీంచి పోనారు. తడిగట్టు మీద తొక్కి దారి చేసీసినారు. ఉడుపుల్లో ఉన్న ఆడోళ్ళని అడక్కుండా ఫొటోలు తీసినారు. ఇదేటి న్యాయం?
– రైతు, సరుబుజ్జిలి మండలం

జవాబు: న్యాయం కాదు, మీ దగ్గర క్షమాపణ అడుగుతున్నాను. దారి గురించి రాసినవాణ్ణి ఆ దారి ఎవరిదో కూడా రాసుండాల్సింది, నేను రాయలేదు. మట్టిదారులు మనకి మిగిలున్నాయంటే మీలాంటివాళ్ళు ప్రతి ఏడూ గట్టు చెక్కి, గండి పూడ్చి, తుప్పలు కొట్టి ఉంచబట్టే. సైకిలు వాళ్ళకి చెప్తున్నాను, ధాన్యం కనపడితే దిగి చుట్టూ నడిచి వెళ్ళాలి, ఒక్క గింజ చక్రం కింద పడకూడదు. ట్రాక్టరు వస్తే మనం పక్కకి దిగాలి, అది కాదు. చేనుకీ చేనుకీ మధ్య ఉండే సన్నగట్టు దారి కాదు, దాని మీదికి ఎప్పుడూ వద్దు. నలుగురి కంటే ఎక్కువమంది ఒకేసారి రావొద్దు. పనిలో ఉన్నవాళ్ళ ఫొటో కావాలంటే సైకిలు ఆపి, దిగి, అడిగి, వద్దంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి. ఆ పదిమందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, కోతలకి మళ్ళీ ఆ ఊరెళ్ళి రైతుతో మాట్లాడి రండి.

ప్రశ్న: పిల్లలకి పదేళ్ళు, పన్నెండేళ్ళు. మొదటిసారి ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?
– విజయనగరం

జవాబు: రామతీర్థం. 12 కిలోమీటర్లే. నెల్లిమర్ల దాకా బండ్లు ఉంటాయి కాబట్టి పిల్లలు చిన్నవాళ్ళని అనిపిస్తే సైకిళ్ళు ఆటోలో వేసుకుని నెల్లిమర్లలో దింపి అక్కణ్ణుంచి మొదలెట్టండి. కోనేరు దగ్గర కాసేపు ఆగి, రాముడి దర్శనం చేసుకుని, ఓపికుంటే గురుభక్తులకొండ ఎక్కించండి, పైన బౌద్ధుల కట్టడాలు ఉన్నాయి, పక్కనే బోధికొండ మీద జైన విగ్రహాలు. రాముడి గుడి, బుద్ధుడి ఇటుకలు, తీర్థంకరుల రాళ్ళు ఒకే ఊళ్ళో చూపించొచ్చు పిల్లలకి. ఐదున్నరకి బయల్దేరండి, చలికాలం అయితే ఆరు. చలికాలం తేగల సీజను కదా, దారిలో అమ్ముతుంటే ఓ కట్ట కొనిపెట్టండి, పిల్లలు తిరుగు ప్రయాణంలో మారాం చెయ్యరు.