చెరువులో చేపకు చాటు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో క్రాపీ అనే చేప కోసం ప్లాస్టిక్ గొట్టాల్ని సిమెంటు బకెట్లో నిలబెట్టి చెరువులో దించుతున్నారు. వీడియోల్లో చూశాం. మా ఊరి చెరువులో గాలం వేసుకునే మాకు అది పనికొస్తుందా? ఏ చేపలు చేరతాయి?
– ఒక పాఠకుడు, గంట్యాడ

జవాబు: పనికొస్తుంది. అయితే క్రాపీ ఉత్తర అమెరికా చేప, మన చెరువుల్లో ఉండదు. మునిగిన చెట్ల కొమ్మల మధ్య గుంపుగా నిలబడి, అటుగా వచ్చే చిన్నచేపల్ని పట్టి తింటుంది. అందుకే అక్కడివాళ్లు చెట్టులా ఉండేదేదో చేసి, చేపకు చాటుగా నీళ్లలోకి దించుతారు.

మన దగ్గర ఆ అలవాటున్నవి కొరమేను, వాలుగ, జెల్లలు. చాటున పొంచి ఉండి వేటాడే జాతులివి. శీలావతి వచ్చేది వేరే పని మీద. నీళ్లలో వెలుతురు తగిలే ప్రతి గట్టి వస్తువు మీదా మూడు నాలుగు వారాల్లో పాకుడు పడుతుంది. దాన్ని గీరి తినడానికి వస్తుంది. బొచ్చె పైనీళ్లలో తిరుగుతూ సూక్ష్మజీవుల్ని వడకట్టుకుని తింటుంది. బంగారుతీగ అడుగు బురద తవ్వుకుంటుంది. ఈ రెండింటి కోసమైతే శ్రమ పడొద్దు.

ఒక మాట స్పష్టంగా తెలిసి ఉండాలి. చాటు పెట్టినంత మాత్రాన చెరువులో చేపలు పెరగవు, ఉన్నవే ఒకచోట చేరతాయి. చేరినవాటినల్లా పట్టేస్తే మిగిలిన చెరువు కూడా ఖాళీ అవుతుంది. పిల్లల్ని కాస్తున్న కొరమేను జంట కనిపిస్తే ఆ పక్కకు గాలం వేయకండి. పెద్దచేప పోతే ఆ పిల్లల గుంపు మొత్తం వేరే చేపల పాలవుతుంది.

ప్రశ్న: బకెట్టు చాటు తక్కువ ఖర్చులో చేసే పద్ధతి కొలతలతో చెప్పండి.
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: కొత్త పీవీసీ గొట్టాలు కొనక్కర్లేదు. తోటల్లో తీసిపడేసిన 16 మిల్లీమీటర్ల డ్రిప్పు గొట్టం అంతకంటే మంచిది. పీవీసీ నీటికన్నా బరువు. డ్రిప్పు గొట్టం నీటికన్నా తేలిక, కాబట్టి కింద బిగిస్తే తనంతట తానే పైకి లేచి నిలబడుతుంది.

ఒక చాటుకు 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు, గొట్టం 12 మీటర్లు, సిమెంటు ఒకటిన్నర లీటరు, ఇసుక మూడు లీటర్లు, 20 మిల్లీమీటర్ల కంకర ఆరు లీటర్లు కావాలి. కలిపితే ఏడు లీటర్ల కాంక్రీటు వస్తుంది. బకెట్లో 11 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 16 కిలోల బరువు. నీళ్లలో దాని బరువు తొమ్మిది పది కిలోలే, అయినా సరిపోతుంది. బకెట్టు నిండా పోస్తే 48 కిలోలవుతుంది. దాన్ని మోయడమూ కష్టమే, బురదలో కూరుకుపోతే తీయడమూ కష్టమే. పురుగుమందు డబ్బా మాత్రం ఎంత కడిగినా వాడొద్దు.

గొట్టాన్ని 1.2 మీటర్ల చొప్పున పది ముక్కలు కొయ్యండి. ఎరువుల నీళ్లు పారిన గొట్టమైతే ముందు లోపల బాగా కడగాలి. ప్లాస్టిక్కును సిమెంటు పట్టదు. గాలం తగులుకుని లాగితే ముక్క ఊడి చేతికొస్తుంది. అందుకని ప్రతి ముక్కకు కింది కొస నుంచి మూడు సెంటీమీటర్ల పైన కన్నం పెట్టి, జానెడు ఇనుప తీగ అడ్డంగా దూర్చి రెండు పక్కలా వంచండి. పై కొసను మడిచి, డ్రిప్పు లైను చివర వాడే ఎనిమిది ఆకారపు క్లిప్పుతో బిగించండి. లోపల గాలి నిలిస్తే పాకుడు పట్టి బరువెక్కాక కూడా గొట్టం వాలిపోదు. ఇన్‌లైన్ రకం గొట్టానికి లోపలే డ్రిప్పర్ల కన్నాలుంటాయి, గాలి నిలవదు. లోపల డ్రిప్పర్లు లేని సాదా గొట్టమే (లేటరల్) ఏరుకోండి. చుట్టచుట్టి ఉన్న గొట్టానికి వంపు పోదు. పోగొట్టే ప్రయత్నం చేయకండి, చాటు విచ్చుకుని ఉండడమే కావాలి.

కాంక్రీటు పోసి, ముక్కల్ని ఒక్కొక్కటి అడుగుదాకా గుచ్చి, నడుమ ఎనిమిది మిల్లీమీటర్ల చువ్వను కొక్కెంలా వంచి పాతండి. తాడు కట్టేది దానికే. బకెట్టు పిడికి కడితే అంత బరువుకు తెగుతుంది. ఒక రోజు కదపకుండా ఉంచి, తర్వాత ఏడు రోజులు తడుపుతూ ఉండాలి. కొత్త సిమెంటులోంచి సున్నం దిగుతుంది. పెద్ద చెరువులో నాలుగు బకెట్ల సున్నం లెక్కకు రాదు. చేపపిల్లల్ని పెంచే చిన్న గుంటలోనైతే ముందు తొట్టిలో నానబెట్టి, వారంలో మూడు నాలుగుసార్లు నీళ్లు మార్చాకే దించండి.

ప్రశ్న: మా జీడితోటలో కొట్టేసిన కొమ్మలు కుప్పగా ఉన్నాయి. అవే వేస్తే డబ్బు ఖర్చుండదు కదా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: వేయొచ్చు. గరుకు బెరడు మీద పాకుడు ప్లాస్టిక్కు మీదకన్నా త్వరగా పడుతుంది కూడా. కానీ పచ్చి ఆకుతో వేయకండి. ఆకు కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. చిన్న చెరువైతే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రెండు మూడు వారాలు ఎండనిచ్చి, ఆకు దులిపి, ఒకటిన్నర మీటర్ల పొడవున మోపు కట్టండి. కొబ్బరితాడు కొన్ని నెలల్లో చీకిపోతుంది, జీఐ తీగ వాడండి.

ఎండుకొమ్మ తేలుతుంది, రాయి నీళ్లలో బరువు తగ్గుతుంది. అందుకే 15 కిలోల మోపుకు 30 కిలోల రాయి కట్టాలి. తక్కువ కడితే మొదటి గాలివానకే గట్టుకు కొట్టుకొస్తుంది. కొమ్మ ఊరి బరువెక్కాక ఇక కదలదు.

జెముడు, కానుగ, నీలగిరి కొమ్మలు వద్దే వద్దు. జెముడు పాలు, కానుగ వేరు చేపలకు విషం. సరుగుడు, మామిడి, చింత, వెదురు మంచివి. తుమ్మకంప దొంగవలల్ని ఆపడానికి బాగా పనిచేస్తుంది గానీ గాలం వేసేవాళ్లకు కొక్కేలు మిగలవు.

ప్రశ్న: నాలుగు బకెట్లు వేసి రెండు నెలలైంది. చేప జాడ లేదు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: ఎక్కడ వేశారో రాయలేదు. ఎక్కువమంది చెరువులో అందరికన్నా లోతైన గుంట వెతికి అందులో వేస్తారు. ఎండాకాలం కదలని నీళ్లలో, ముఖ్యంగా తెల్లవారుజామున, ఆ అడుగున ఆక్సిజన్ ఉండదు. వెలుతురు అందదు కాబట్టి పాకుడూ పట్టదు. ఎంత మంచి చాటు కట్టినా అక్కడికి చేప పోదు. నిండు చెరువులో ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల లోతు, చాటు కొస మీద మూరెడైనా నీరు, కింద గట్టి నేల ఉండే చోట వేయండి. గెడ్డ (వాగు) నీళ్లు చెరువులోకి దిగే దారి పక్కన అలాంటి చోటు దొరికితే వదలకండి. గెడ్డ ముఖంలోనే వేస్తే మాత్రం ఒక్క వానకాలంలో ఒండ్రు కప్పేస్తుంది.

నాలుగూ నాలుగు దిక్కుల వేసి ఉంటే ఒకచోటికి తెండి. బకెట్టుకూ బకెట్టుకూ మధ్య ఒకటిన్నర మీటర్ల ఖాళీ వదిలి, లోతు తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గినప్పుడు నడిచే పెట్టొచ్చు, పడవ అక్కర్లేదు.

చెరువును వేలంపాటలో పాడుకున్న మత్స్యకార సంఘాన్ని, పంచాయతీని ముందే అడగండి. లాగుడు వల బకెట్టుకు తగిలి చిరిగితే నష్టం వాళ్లది. వల తిరగని మూల వాళ్లనే చూపించమనండి, గుర్తుగా వెదురుగెడ పాతండి. చేపపిల్లలు వదిలే చోటికి దూరంగా ఉండాలి. అదే చాటున కొరమేను, వాలుగ చేరి పిల్లల్ని మింగేస్తాయి. మదుము (తూము) దగ్గర, గేదెలు దిగే రేవులో, పిల్లలు ఈతలు కొట్టే చోట ఏదీ వేయకండి. ఇప్పటికే అలాంటి చోట వేసి ఉంటే ఈ వారమే తీసేయండి.