చుక్క పడిన చోటు, కారిన చోటు

చి. కిరణ్‌కి,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "వాడు ముప్పై ఏళ్లు దాటిన కారు కొన్నాడన్నయ్యా, గరాజ్ నేలంతా నూనె మరకలట, నువ్వైనా చెప్పు" అంది. అమ్మెయ్యమని చెప్పమని దాని ఉద్దేశం. పాపం, అడక్కూడనివాణ్ణి అడిగింది. నా 90 మోడల్ మాజ్డా మియాటాని ఇరవై ఏళ్ల పైన ఉంచుకున్నవాణ్ణి నేను. నీది 92 అన్నావుగా, అదే 1.6 లీటర్ల ఇంజనే. దాని జబ్బులన్నీ నాకు కంఠతా వచ్చు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు దగ్గర చుక్క వేలాడుతోంది. ఎవరికి చూపించినా "రియర్ మెయిన్ సీల్ (ఇంజన్ వెనక చివర క్రాంక్ షాఫ్ట్ చుట్టూ నూనెని ఆపే రింగ్) పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అంటారు. ఆ మాట విని వెంటనే డబ్బు తియ్యకు. నేను తీశాను. సరిగ్గా అక్కడే చుక్క పడుతోందని ఒక షాపులో ఇస్తే గేర్‌బాక్స్ దించి, సీల్ మార్చి, ఏడొందల డాలర్లు పుచ్చుకున్నారు. మూడో వారానికి అదే చోట అదే చుక్క. ఆ తర్వాత ఒక ఆదివారం నేనే బానెట్ ఎత్తి, ఇంజన్ వెనక గోడకీ హెడ్‌కీ, అంటే ఇంజన్ పైభాగానికీ, మధ్య సందులోకి టార్చి వేసి చూస్తే అసలు దొంగ కనబడ్డాడు. క్యామ్‌షాఫ్ట్ ఏ కోణంలో ఉందో కారు కంప్యూటర్‌కి చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్‌కి ఉండే రబ్బరు ఓ-రింగ్. దాని ఖరీదు రెండు కాఫీలంత ఉండదు.

నూనెకి పై నుంచి కిందకి పోవడమే తెలుసు. కారు నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది. హెడ్ వెనక కారిన నూనె బ్లాకు మీదుగా జారి, గేర్‌బాక్స్ అతుకు దగ్గర ఆగి, అక్కణ్ణుంచి చుక్కయి పడుతుంది. అందుకే తడిగా ఉన్నవాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్నది ఏదో చూడు. లీకు అక్కడే.

చూడాలంటే ముందు కడగాలి. ముప్పై ఏళ్ల జిడ్డు మీద కొత్త తడి కనబడదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డీగ్రీజర్ కొట్టి బ్రష్‌తో రుద్ది కడుగు. కాయిలుకీ సెన్సర్లకీ ప్లాస్టిక్ కవర్లు చుట్టడం మర్చిపోకు. ఆరాక ఓ ఇరవై మైళ్లు తిప్పి, వచ్చి టార్చి వేసి చూడు. అప్పటికీ తేలకపోతే నూనెలో కలిపే రంగు అమ్ముతారు, దాన్ని పోసి అల్ట్రావయొలెట్ లైటు కింద చూస్తే కారిన దారి పసుపుపచ్చగా మెరుస్తుంది. ఇంకో సంగతి. ఈ కారుకి ఆయిల్ ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద నక్కి ఉంటుంది. దాన్ని విప్పిన ప్రతిసారీ కాస్త నూనె కింది ఫ్రేమ్ మీద ఒలికి, వారాల తరబడి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ఈ మధ్య ఆయిల్ మార్చి ఉంటే అది లీకేమోనని హడలిపోకు. ఆ ఫిల్టర్ పక్కనే ఉండే ఆయిల్ ప్రెజర్ సెండర్ (నూనె ఒత్తిడిని మీటర్‌కి చెప్పేది) మాత్రం నిజంగానే కారుతుంది, దాని మీదా ఓ కన్నెయ్యి.

ఇక ఆ ఓ-రింగ్ సంగతి. సెన్సర్‌ని పట్టి ఉంచేది ఒకే ఒక్క 12 ఎంఎం బోల్టు. విప్పే ముందు సెన్సర్ ఒంటి మీదా హెడ్ మీదా కలిసేలా ఒక గీత గియ్యి, మార్కర్ చెరిగిపోతుంది కాబట్టి మేకు మొనతో గీకు. సెన్సర్‌ని అటూ ఇటూ తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, మారిపోతుంది, ఆ గీతే నీకు దిక్కు. బోల్టు కంటికి కనబడదు, గోడ వైపు చెయ్యి దూర్చి తడుముకోవాల్సిందే. చెయ్యి పట్టకపోతే కాయిల్ ప్యాక్ (ప్లగ్గులకి కరెంటు పంపే డబ్బా) విప్పి పక్కన పెట్టు, పావుగంట పని, కానీ ఆ తర్వాత గంట తిట్టుకోనక్కర్లేదు. సెన్సర్ కాస్త మొండికేస్తుంది, మెల్లగా తిప్పుతూ లాగు. బయటికొచ్చాక పాత రింగ్ చూడు, రబ్బరులా ఉండదు, ఎండిన చింతబరికెలా పుటుక్కున విరుగుతుంది. దాన్ని తియ్యడానికి స్క్రూడ్రైవర్‌తో గాడిని గీరకు, అల్యూమినియం మీద గీత పడితే కొత్త రింగ్ వేసినా కారుతుంది. కొత్త రింగ్‌కి నూనె రాసి ఎక్కించు. సిలికాన్ పూసేద్దామని మాత్రం అనుకోకు. సెన్సర్ కింది నాలుక మధ్యకి కాక కొంచెం పక్కకి ఉంటుంది, కాబట్టి ఒక్క తీరుగానే కూర్చుంటుంది. కూర్చోకపోతే తిప్పి పెట్టు, సుత్తి పట్టకు.

తర్వాత టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూసుకో. డయాగ్నసిస్ డబ్బాలో టెన్, జీఎన్‌డీ అని రాసి ఉన్న రెండింటినీ తీగతో కలిపితే, ఐడిల్‌లో టీడీసీకి, అంటే పిస్టన్ పైకొసకి చేరే చోటుకి, 10 డిగ్రీల ముందు ఉండాలి. గీత కలిపి పెడితే దాదాపు అక్కడే ఉంటుంది. పక్కనే పోయే హీటర్ గొట్టాన్ని కూడా నొక్కి చూడు. ఏళ్లుగా నూనెలో నాని ఉబ్బి మెత్తబడి ఉంటే అదీ మార్చెయ్యి. అది పగిలితే నూనె కాదు, నీళ్లు పోతాయి, ఇంజన్ కూడా పోతుంది.

రెండో అనుమానం వాల్వ్ కవర్ గ్యాస్కెట్, హెడ్ పై మూత కింద ఉండే రబ్బరు. ప్లగ్గు తీగ లాగి లోపలికి చూడు, గుంతలో నూనె నిలిచి ఉంటే అనుమానమే అక్కర్లేదు. ఇంజన్ ఒకోసారి దడదడమని మిస్ అవుతోందన్నావు, బహుశా అందుకే. గ్యాస్కెట్ మార్చడం తేలికే. కాకపోతే క్యామ్ క్యాపులు (క్యామ్‌షాఫ్ట్‌ని పట్టి ఉంచే దిమ్మెలు) హెడ్‌తో కలిసే మూలల్లో, ముందూ వెనకా, పప్పు గింజంత సిలికాన్ పెట్టాలి, ఆ మూలలు వదిలేస్తే పనంతా వృథా. కవర్ బోల్టులు బిగించేటప్పుడు నీ జిమ్ కండలు ఇంట్లో పెట్టి రా. వాటికి కావలసింది 5 నుంచి 9 న్యూటన్ మీటర్లే, అంటే చిన్న స్పానర్ వేళ్ల మధ్య పట్టుకుని తిప్పినంత. నేనొకసారి "ఇంకో పావు తిప్పు" అనుకుని తిప్పాను, బోల్టు ఒక్కసారిగా వెన్నలో తిరిగినట్టు తిరిగింది. మరలు పోయాయి. ఆ చప్పుడు లేని క్షణం నీకు వద్దు.

అసలు ఇవన్నీ విప్పక ముందే పీసీవీ వాల్వ్, అంటే ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే చిన్న కవాటం, లాగి చెవి దగ్గర ఊపు. గలగలమంటే బాగున్నట్టు. మూగగా ఉంటే మార్చు, చవక సామాను. అది మూసుకుపోతే లోపలి గాలికి దారి ఉండదు, ఆ ఒత్తిడికి మంచి సీళ్లు కూడా నూనె కక్కుతాయి.

ముందు వైపు క్యామ్ సీళ్లు, క్రాంక్ సీల్ జోలికి ఇప్పుడు పోకు. అవి టైమింగ్ బెల్ట్ వెనక ఉంటాయి. బెల్ట్ అరవై వేల మైళ్లకి మార్చాలి, అప్పుడే అన్నీ కలిపి చేద్దాం. ఈలోగా వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడు. నూనె తగ్గితే పైన వాల్వులని నొక్కే లిఫ్టర్లు టిక్‌టిక్‌మని అంటుంటాయి.

కారు కింద దూరేటప్పుడు మాత్రం వట్టి జాకీని నమ్మకు. స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి దిమ్మెలు అడ్డం పెట్టి, బంపర్ పట్టుకుని గట్టిగా ఊపి చూశాకే దూరు. మీ అమ్మకి ఈ ఒక్కటీ నేను మాటిచ్చాను.

పని అయ్యాక ఒక పెద్ద అట్టముక్క కింద పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీసి, మూడు రాత్రులు అలా ఉంచు. నాలుగో పొద్దున ఫొటో తీసి పంపు. వేసవిలో డాలస్ వస్తున్నాను, బెల్ట్ కిట్టూ సీళ్లూ తెప్పించి ఉంచు, స్పానర్లు నావి నేను తెచ్చుకుంటా.

మీ మావయ్య