చుక్క చుక్కకీ చేతిలో ఏముందో చూస్కోరా

ఒరేయ్ అల్లుడూ,

నిన్న పంపిన జావాస్క్రిప్ట్ ఫైల్ చూశాన్రా, పనైతే చేస్తోంది, కాదనను, కానీ ఆ ఆర్డర్స్ లైన్ ఒక్కటి చదవడానికి స్క్రీన్ కుడి చివరిదాకా జరుపుకుంటూ పోవాల్సొచ్చింది, సార్ట్, ఫిల్టర్, మ్యాప్, మళ్ళీ మ్యాప్, జాయిన్, అన్నీ ఒకే లైన్లో కుక్కేశావ్.

ముందు ఒక్కో మెథడ్‌ని ఒక్కో లైన్లో పెట్టు, మెథడ్ పేరు ముందుండే చుక్క లైన్ మొదట్లో రావాలి. అప్పుడు మధ్యలో ఒకటి తీసేసి చూడాలంటే ఆ లైన్ ఒక్కటి కామెంట్ చేస్తే చాలు, ఏం మారిందో చూపించే గిట్ డిఫ్‌లో కూడా మార్చిన లైనే కనిపిస్తుంది. లైన్లు విడగొట్టే పని ప్రెటియర్ అనే కోడ్ సర్దే టూల్ చేసి పెడుతుందిలే, సేవ్ కొట్టగానే అయ్యేలా పెట్టుకో.

ఏ మెథడ్ చేతికి ఏమిస్తోందో మాత్రం ప్రెటియర్ చెప్పదు, అది నువ్వే చూస్కోవాలి. మా రోజుల్లో అంతా జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, దాదాపు ప్రతి మెథడూ జేక్వెరీ ఆబ్జెక్టే తిరిగిస్తుంది కదా అని ఒకదాని వెనక ఒకటి చైన్ కట్టుకుంటూ పోయేవాళ్ళం. ఓసారి టేబుల్లో ఒక వరసకి రంగెయ్యాలి, మధ్యలో ఫైండ్ పెట్టి లోపలున్న బటన్‌ని హైడ్ చేశా, ఆ వెనకే రంగు క్లాస్ తగిలించే యాడ్‌క్లాస్. ఫైండ్ తర్వాత చేతిలో ఉన్నది బటనే కదా. రంగు వరసకి పడలా, దాచేసిన బటన్‌కి పడింది, ఇంకేం కనిపిస్తుంది నా మొహం! రెండు గంటలు ఆ రంగులు రాసిన సీఎస్ఎస్‌ని తిట్టుకుంటూ కూర్చున్నా. ఎండ్ అని ఒకటి పెడితే మళ్ళీ వరస దగ్గరికొచ్చేది. అప్పట్నుంచి ఫైండ్ కింద లైన్లన్నీ రెండు స్పేసులు లోపలికి జరిపి రాసేవాణ్ణి, ఎక్కడున్నానో కంటికే తెలిసేది.

నీ లైన్లో కూడా అదే తిరకాసు. సార్ట్ కొత్త అర్రే, అంటే కొత్త లిస్టు, ఇవ్వదురా, ఉన్నదాన్నే తారుమారు చేసి అదే చేతిలో పెడుతుంది. అందుకే పైన లిస్టులో ఆర్డర్లు కూడా అటూ ఇటూ అయిపోతున్నాయ్. ఫిల్టర్ ముందు పెట్టు, అది కొత్తది ఇస్తుంది, దాని మీద సార్ట్ చేస్కో, లేదా 2023లో వచ్చిన టూసార్టెడ్ వాడు. ఫిల్టర్ అయ్యాక అక్కడే చైన్ తెంచి 'బాకీఆర్డర్లు' లాంటి పేరొకటి పెట్టు, ఫంక్షన్ల లోపల ఎక్స్, వై లాంటి పేర్ల బదులు ఆర్డర్ అనే రాయి. అన్నట్టు సార్ట్‌కి పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే 9 కంటే ముందు 10 వచ్చి కూర్చుంటుంది, అమౌంట్ దగ్గర అదొకసారి చూడు.

మార్చి రాత్రికి పంపు, పడుకునేముందు చూస్తా. అక్కకి ఫోన్ చేస్తానని చెప్పు.

మామయ్య